ఐఓ యూరింగ్: కొన్నేళ్లు వాడాక

ఐఓ యూరింగ్ అంటే చదవడం, రాయడం వంటి పనులను, అవి పూర్తయ్యేదాకా ఆగకుండా, లినక్స్ కెర్నల్‌కు అప్పగించే పద్ధతి. లినక్స్‌లో సాకెట్ల (నెట్‌వర్క్ కనెక్షన్ల) కోసం, ఏది సిద్ధంగా ఉందో చెప్పే ఈపోల్ ఉంది కానీ ఫైళ్లకు అది పనికిరాదు. మామూలు ఫైలును దానికి అప్పగిస్తే ‘ఈపెర్మ్’ (అనుమతి లేదు) అని తిప్పికొడుతుంది. పాత కెర్నల్ ఏఐఓ పేరుకే అసింక్రనస్, అంటే ఆగకుండా పనిచేసేది. ‘ఓ డైరెక్ట్’తో, అంటే కెర్నల్ క్యాషేను దాటవేసేలా, తెరిచిన ఫైళ్లను మినహాయిస్తే చాలావరకు ఆగి చదివేదే. లిబ్‌యూవీ, టోకియో వంటి లైబ్రరీలు ఇప్పటికీ మామూలుగా చాటున వేరే థ్రెడ్లను పెట్టి చదివిస్తాయి. అందుకే యెన్స్ ఆక్స్‌బో రూపొందించిన ఐఓ యూరింగ్ 2019లో కెర్నల్ 5.1తో వచ్చినప్పుడు ఆశపడ్డాను.

నా పని ఇదీ: పెద్ద ఇండెక్స్ ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉన్న 4 కిలోబైట్ల ముక్కలను, ఒకేసారి చాలా అభ్యర్థనలు అందుకోగల ఎన్‌వీఎంఈ డిస్కు నుంచి వేల సంఖ్యలో తెచ్చుకోవడం. ఒకటి వచ్చాక ఇంకొకటి అడిగితే ఆ డిస్కు సామర్థ్యంలో చాలా భాగం ఖాళీగా ఉంటుంది. ఐఓ యూరింగ్‌లో అభ్యర్థనలన్నీ ఒక వలయంలో పేర్చి, ఒక్క సిస్టమ్ కాల్‌తో, అంటే కెర్నల్‌ను ఒక్కసారి పిలిచి, పంపేస్తాం. ఫలితాలు రెండో వలయంలోకి వస్తాయి. రెండూ కెర్నల్‌తో పంచుకున్న మెమరీలోనే ఉంటాయి. ఈ తరహా పనికి దీన్ని మించింది లినక్స్‌లో నేను చూడలేదు.

అయితే ఫలితం చదవడంలోనే జాగ్రత్త కావాలి. ప్రతి ఫలితంలో ‘యూజర్ డేటా’ అనే 64 బిట్ల గుర్తు, ‘రెస్’ అనే అంకె ఉంటాయి. ఫలితాలు అడిగిన వరుసలో రావు కాబట్టి ఏది దేనిదో ఆ గుర్తే చెప్పాలి. రెస్ రుణసంఖ్య అయితే లోపం కోడ్ అందులోనే ఉంటుంది. మామూలుగా లోపం కోడ్ ఉండే ‘ఎర్నో’ జోలికి ఇక్కడ ఎవరూ వెళ్లరు, దాన్ని చదివి సందేశం చూపే పెర్రర్‌ను అలవాటుగా పిలిస్తే సంబంధం లేని సందేశం కనిపిస్తుంది. 4096 బైట్లు అడిగితే 1024 మాత్రమే రావచ్చు. మిగతాది మళ్లీ అడగాల్సింది మనమే.

అన్నిటికన్నా కఠినమైన నియమం బఫర్‌ది, అంటే డేటా వచ్చి పడే మెమరీది. ఫలితం వచ్చేదాకా ఆ మెమరీ మనది కాదు. బఫర్‌ను స్టాక్ (ఫంక్షన్ ముగియగానే వేరే పనికి పోయే మెమరీ) మీద పెట్టి ఫంక్షన్ నుంచి బయటికొచ్చేస్తే, ఆ చోటును అప్పటికి ఇంకెవరు వాడుతున్నా కెర్నల్ అక్కడే రాసేస్తుంది. సీ కంపైలర్ నోరెత్తదు. రస్ట్‌లో ఫ్యూచర్‌ను (ఇంకా పూర్తికాని పనిని) వదిలేసినా కెర్నల్ ఆగదు. అందుకే ఐఓ యూరింగ్ కోసం ఉన్న రస్ట్ లైబ్రరీ టోకియో యూరింగ్ బఫర్ యాజమాన్యాన్నే తీసుకుని, పని పూర్తయ్యాక తిరిగి ఇస్తుంది. మొదట చిరాకనిపించినా అదే సరైన పద్ధతి. రద్దు చేయడం కూడా ఇంకో అభ్యర్థన మాత్రమే. అసలు అభ్యర్థన ఫలితం వచ్చేదాకా బఫర్‌ను ముట్టుకోకూడదు.

సబ్‌మిషన్ పోలింగ్, అంటే కెర్నల్ థ్రెడ్ ఒకటి అభ్యర్థనల వలయాన్ని చూస్తూనే ఉండే పద్ధతి, నాకు నచ్చలేదు. సిస్టమ్ కాల్ తప్పుతుంది సరే, పని ఉన్నంతసేపూ ఒక కోర్‌ను కెర్నల్ థ్రెడ్ నమిలేస్తుంది.

భద్రత సంగతి చిన్నది కాదు. కెర్నల్ లోపాలు చూపినవారికి తామిచ్చే బహుమతి పథకానికి వచ్చిన దాడుల్లో 60 శాతం ఐఓ యూరింగ్‌నే వాడుకున్నాయని గూగుల్ 2023లో ప్రకటించి, తన సర్వర్లలో నిలిపేసింది. కంటైనర్లు నడిపే డాకర్‌లో డిఫాల్ట్ సెక్‌కాంప్ ప్రొఫైల్ (ఏ సిస్టమ్ కాల్స్‌ను అనుమతించాలో చెప్పే జాబితా) కూడా దీన్ని అడ్డుకుంటుంది. కెర్నల్ 6.6 నుంచి అడ్మిన్ ఒక్క సెట్టింగుతో మూసేయవచ్చు. కాబట్టి థ్రెడ్లతో పీరీడ్ (ఫైలులో చెప్పిన చోటు నుంచి చదివే మామూలు కాల్) చేసే దారిని కూడా నా ప్రోగ్రాములో అట్టిపెట్టాను, రెండింటికీ ఒకే పరీక్షలు నడుపుతాను.

ఒకే ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదవడానికైతే ఇదంతా అనవసరం. కెర్నల్ ముందుచూపుతో తర్వాతి పేజీలు తెచ్చిపెడుతుంది, మామూలు రీడ్ చాలు. డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ 18లోనూ, చదివే పనిని వేరే ప్రాసెస్‌లకు ఇచ్చే వర్కర్ పద్ధతినే డిఫాల్ట్‌గా ఉంచి, ఐఓ యూరింగ్‌ను కోరుకున్నవాళ్లకు వదిలేశారు. నేనైనా అంతే చేసేవాణ్ని.