సింటిల్లాలో కర్సర్ లైన్ హైలైట్: చాలా ఏళ్లు వాడాక

టైప్ చేస్తున్నంతసేపూ కర్సర్ ఉన్న లైన్‌కి ప్రత్యేకంగా రంగు అక్కర్లేదు. చూపు ఎలాగూ అక్కడే ఉంటుంది. పక్క స్క్రీన్‌లో ఏదో చదివి తిరిగొచ్చినప్పుడో, వెతుకుతున్న పదం దగ్గరికి ఎడిటర్ ఒక్కసారిగా దూకినప్పుడో "ఇంతకీ ఎక్కడున్నాను?" అని కళ్లు తడుముకుంటాయి చూడండి, ఆ ఒక్క క్షణం కోసమే ఈ సదుపాయం. నేను సొంతానికి రాసుకున్న ఎడిటర్‌లో సింటిల్లా కంట్రోల్‌ని, అంటే కోడ్ రాసే పెట్టెగా ప్రోగ్రామ్‌లో అమర్చుకునే రెడీమేడ్ భాగాన్ని, చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఆ క్షణంలో పనికొచ్చిందా లేదా అన్నదే ఇక్కడ నా కొలత.

సింటిల్లా నీల్ హాడ్జ్‌సన్ 1999లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ కంట్రోల్. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, జియానీ అనే ఎడిటర్ల లోపల ఉన్నది ఇదే. దీనికి ముందు మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో వచ్చే టెక్స్ట్ పెట్టె రిచ్‌టెక్స్ట్‌బాక్స్‌తో నెట్టుకొచ్చాను. అందులో ఈ హైలైట్ అసలు లేదు. సెలక్షన్ బ్యాక్‌గ్రౌండ్ మార్చి మాయ చేయాలని చూస్తే రంగు అక్షరాలున్నంత మేరకే పడుతుంది, లైన్ చివరిదాకా రాదు. పైగా ఆ రంగు మార్పులు కూడా అన్‌డూ చరిత్రలోకి చేరిపోతాయి. దానితో పోలిస్తే సింటిల్లాలో పని తేలిక: కంట్రోల్‌కి పంపే ఒక సందేశంతో (ఆదేశంతో) హైలైట్ ఆన్ చేసి, ఇంకోదానితో రంగు ఇస్తే చాలు. అయితే రంగు కోడ్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో కాక తిరగేసి ఉంటుంది. వెబ్ నుంచి తెచ్చిన లేత నీలం కోడ్ అలాగే పెడితే తెర మీద ఎరుపు, నీలం తారుమారై వేరే రంగు వస్తుంది.

అసలు తలనొప్పి రంగుతో కాదు, అది మిగతా రంగులతో పడే పేచీతో. మామూలుగా ఇచ్చే రంగు చిక్కగా, అడుగున ఉన్నది కనపడకుండా పడుతుంది. మార్కర్ (లైన్‌కి పెట్టే గుర్తు) వల్ల లైన్‌కి వేరే బ్యాక్‌గ్రౌండ్ ఉన్నా సరే, పైచేయి కర్సర్ లైన్‌దే. బ్రేక్‌పాయింట్లకు, అంటే తప్పులు వెతికేటప్పుడు ప్రోగ్రామ్ ఆగాలని గుర్తు పెట్టిన లైన్లకు, ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకున్నారనుకోండి. డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) సరిగ్గా ఆ లైన్ దగ్గర ఆగుతుంది, కర్సర్ కూడా అక్కడికే వస్తుంది, ఎరుపు మాయమవుతుంది. ఏ లైన్ గురించి తెలియాలో ఆ లైన్‌లోనే సమాచారం పోతుందన్నమాట.

దీనికి మందుగా పారదర్శకత, అంటే ఆల్ఫా ఇచ్చారు. అది పెట్టగానే అడుగున ఉన్న ఎరుపు మళ్లీ కనిపిస్తుంది. కానీ అప్పుడు హైలైట్ అన్నిటికన్నా చివర, అక్షరాల మీద కూడా పడుతుంది. లైట్ థీమ్‌లో పెద్దగా తెలియదు. డార్క్ థీమ్‌లో తెల్లటి పొర వేస్తే మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు అక్షరాల రంగులూ వెలిసిపోతాయి. కీవర్డ్ నీలం, కామెంట్ ఆకుపచ్చ రెండూ మజ్జిగ కలిపినట్టు తేలిపోతాయి. చదవాల్సిన లైనే అన్నిటికన్నా మసగ్గా ఉండటం ఏం న్యాయం? 5వ తరం వెర్షన్లలో పొరల ఏర్పాటు వచ్చాక హైలైట్‌ని అక్షరాల కింద, బ్యాక్‌గ్రౌండ్ పైన వేయించవచ్చు. పాత వెర్షన్‌తో కాలక్షేపం చేస్తున్నవాళ్లు ఈ ఒక్కదాని కోసమైనా మారవచ్చు.

నేను మాత్రం చివరికి ఫ్రేమ్ దగ్గర స్థిరపడ్డాను. రంగు నింపకుండా లైన్ చుట్టూ సన్నని గీత గీస్తుంది. బ్రేక్‌పాయింట్ రంగు అలాగే ఉంటుంది, సెలక్షన్ రంగుతో గొడవ లేదు, థీమ్ మార్చినా గీత రంగు ఒక్కటే చూసుకోవాలి. కొన్ని ఫాంట్లలో కింది గీత అండర్‌స్కోర్‌కి అతుక్కున్నట్టు ఉంటుంది. లైన్ కింద ఒక పిక్సెల్ అదనపు జాగా ఇస్తే సర్దుకుంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కొత్త వెర్షన్లలోనూ ఎడిటింగ్ సెట్టింగుల్లో ఈ ఫ్రేమ్ ఉంది, కోడ్ రాయకుండానే చూడొచ్చు.

ఫోకస్, అంటే టైప్ చేస్తే అక్షరాలు ఏ పెట్టెలోకి వెళ్తాయన్నది, దాని సంగతి వేరే చెప్పాలి. సొంతంగా సెట్ చేయకపోతే, ఎడిటర్ నుంచి ఫోకస్ పోగానే హైలైట్ కూడా పోతుంది. వెతికే పెట్టె తెరిస్తే ఫోకస్ అందులోకి వెళ్తుంది, దొరికిన లైన్ ఎక్కడో చూద్దామంటే గుర్తు ఉండదు. మొదట్లో చెప్పిన ఆ క్షణంలోనే చేతులెత్తేస్తుంది. ఫోకస్ లేకపోయినా చూపించమనే సెట్టింగ్ విడిగా ఉంది. డిఫాల్ట్‌గా అదే ఉండాల్సింది అంటాను. ఒకే ఫైల్‌ని రెండు భాగాలుగా తెరిచి చూసేవాళ్లకు రెండు చోట్లా హైలైట్ కనిపించి చికాకు కలగవచ్చు, అదొక్కటే అభ్యంతరం.

వర్డ్ ర్యాప్ (పొడుగు లైన్‌ని తెర వెడల్పుకి మడిచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, మడతపడ్డ లైన్ ముక్కలన్నీ కలిపి ఒకే లైన్‌గా రంగు పడుతుంది. మామూలు కోడ్‌లో ఇదే సరైన పద్ధతి. ఒకే లైన్‌లో కుక్కిన పెద్ద జేసన్ డేటా ఫైల్ తెరిస్తే మాత్రం తెరంతా రంగే. కర్సర్ ఉన్న ముక్కకే పరిమితం చేసే సెట్టింగ్ ఈమధ్య వెర్షన్లలో చేర్చారు. ప్రోగ్రామ్‌ల తెరలు కట్టే లైబ్రరీ క్యూట్ (Qt) వాళ్ల ఉదాహరణ కోడ్‌లోని పద్ధతి మొదటినుంచీ అలా ముక్కకే రంగు వేస్తుంది.

ఇప్పటికీ నచ్చనివి రెండున్నాయి. చాలా కర్సర్లు పెట్టుకుని పనిచేస్తుంటే ప్రధాన కర్సర్ ఉన్న లైన్‌కే హైలైట్ వస్తుంది. ఇక ఎడమ అంచులోని లైన్ నంబర్‌కి ఈ రంగు పాకదు. మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ప్రస్తుత లైన్ నంబర్‌కి థీమ్ వేరే రంగు ఇవ్వగలదు. అది అలవాటయ్యాక ఇక్కడ లేకపోవడం రోజూ గుర్తొస్తూనే ఉంటుంది.