ప్రాట్: ఫొనెటిక్స్ చదివేవాళ్లకి తప్పని సాఫ్ట్‌వేర్, తప్పని తిప్పలు

ఎంఏ లింగ్విస్టిక్స్ మొదటి సెమిస్టర్‌లో ఫొనెటిక్స్, అంటే మాటల శబ్దాల చదువు, అంతా నోటితోనే నడిచింది. నాలుక ఎక్కడ తగులుతోంది, గొంతు అదురుతోందా లేదా అని అద్దం ముందు కూర్చుని ట, ఠ, డ, ఢ అనుకుంటూ ఉంటే రూమ్మేట్ నాకేదో అయిందనుకున్నాడు. రెండో సెమిస్టర్‌లో ప్రాట్ చేతికొచ్చింది, అసలు కథ అక్కడ మొదలైంది.

ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది, రికార్డ్ చేసిన మాటని బొమ్మగా చూపించి కొలిచిపెడుతుంది. డచ్‌లో ప్రాట్ అంటే మాట్లాడటం. పైసా ఖర్చు లేదు, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. అందం మాత్రం అడక్కండి. తెరవగానే రెండు విండోలు వస్తాయి, అందులో పిక్చర్ అని ఉన్నదాన్ని వెంటనే మూసేయండి, థీసిస్‌లో బొమ్మలు పెట్టేదాకా దాంతో పని పడదు.

మీ గొంతు మోనోలో (ఒకే ఛానల్‌లో) రికార్డ్ చేసి స్పెక్ట్రోగ్రామ్ చూడండి, అంటే ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో నలుపు తెలుపుల్లో చూపించే బొమ్మ. నేను మొదట 'చాప', 'చేప' అని చూశాను. రాసేది ఒకే చ, కానీ 'చాప'లో ఆ రాపిడి శబ్దం ఇంకా పై ఫ్రీక్వెన్సీల్లో కనబడుతుంది. నిఘంటువుల్లో ౘ అని వేరే గుర్తు ఎందుకు పెడతారో అప్పుడు తెలిసొచ్చింది. అలాగే 'బ' పలికితే, పెదాలు విడిపోకముందే కింద నల్లటి పట్టీ ఒకటి వస్తుంది, గొంతు అప్పటికే మోగుతోందన్నమాట. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల బొమ్మల్లో మాట మొదటి 'బ'కి అది చాలాసార్లు ఉండదు, కాబట్టి ఆ బొమ్మలు పక్కన పెట్టుకుని మీది తప్పని కంగారు పడకండి.

నన్ను కుదిపేసింది మాత్రం 'వచ్చాడు'. అందులో ఆ, 'మాట'లో ఆ ఒకటే అని క్లాసులో గట్టిగా వాదించిన మనిషిని నేను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు దాన్ని వేరే అచ్చుగానే చూపించారని మేడం చెప్పినా వినలేదు. తీరా నా గొంతే కొలిస్తే 'వచ్చాడు'లో రెండో ఫార్మెంట్ (అచ్చు పలికినప్పుడు శబ్దం బలంగా ఉండే ఫ్రీక్వెన్సీలని ఫార్మెంట్లు అంటారు, బొమ్మలో నల్ల పట్టీలుగా కనబడతాయి) బాగా పైన ఉంది, దాదాపు 'యాపిల్' అన్నప్పుడు వచ్చే అచ్చు. ఇన్నేళ్లూ నేను పలికేదే నాకు వినపడలేదు! ఇక 'భోజనం' సంగతి చెప్పను, అందులో మహాప్రాణం, అంటే భ ఒత్తులోని ఊపిరి, వెతుక్కోవాల్సి వచ్చింది.

అలాగని ఇది చూపించే ప్రతి అంకెనీ నమ్మేయకండి. ఫార్మెంట్ సీలింగ్, అంటే ఫార్మెంట్ల కోసం అది ఎంత పైదాకా వెతకాలో చెప్పే హద్దు, మామూలుగా 5500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది ఆడవాళ్ల గొంతుకి సరిపోయేది. మగవాళ్లకి 5000కి తగ్గించాలి. తగ్గించకపోతే ఊ, ఓ లాంటి వాటిలో దగ్గర దగ్గరగా ఉండే మొదటి రెండు ఫార్మెంట్లనీ కలిపి ఒకటే అనుకుంటుంది. మా బ్యాచ్ మగపిల్లల్లో సగం మంది మొదటి అసైన్‌మెంట్ ఇలాగే పోయింది. ఫార్మెంట్లకి అది పెట్టే ఎర్ర చుక్కలు వెనకున్న నల్ల పట్టీల మీద కూర్చున్నాయా లేదా అని మీ కళ్లతో మీరు చూసుకోవాల్సిందే.

ఐపీఏ, అంటే ఏ భాష శబ్దాలైనా రాసే అంతర్జాతీయ గుర్తులు, టైప్ చేయడం ఇంకో యాతన. మూర్ధన్య ట కావాలంటే బ్యాక్‌స్లాష్, టీ, చుక్క కొట్టాలి. వారంలో చేతికి అలవాటవుతుంది.

సేవ్ చేయడం మాత్రం నిమిషానికోసారి చేయండి, ఎందుకంటే అది తనంతట తాను చేయదు. 120 మాటలకి టెక్స్ట్‌గ్రిడ్‌లో (రికార్డింగ్‌లో ఏ శబ్దం ఎక్కడుందో రాసుకునే ఫైల్) గుర్తులు పెట్టి, రాత్రి రెండింటికి నిద్రమత్తులో క్విట్ నొక్కాను. పాపం అది అడిగింది కూడా, లిస్టులో ఇంకా ఆబ్జెక్టులు ఉన్నాయి, అయినా వెళ్లిపోతావా అని. ఎస్ అన్నాను.