రెండు తొలి సింగిళ్లు: రేజ్, లింకిన్ పార్క్

అమెరికన్ రాక్ బ్యాండ్లు రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్, లింకిన్ పార్క్ తమ తొలి సింగిల్‌గా (విడిగా విడుదల చేసే పాట) 1992లో ‘కిల్లింగ్ ఇన్ ద నేమ్’ని, 2000లో ‘వన్ స్టెప్ క్లోజర్’ని వరుసగా విడుదల చేశాయి. మొదటిది అయిదు నిమిషాలు దాటుతుంది. గిటారిస్ట్ టామ్ మొరెల్లో ఓ శిష్యుడికి డ్రాప్-డి ట్యూనింగ్ (గిటార్ లావు తీగ శ్రుతి తగ్గించడం) నేర్పుతుండగా తట్టింది దాని రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ బాణీ. చివర్లో గాయకుడు జాక్ డి లా రోచా ఒకే వాక్యాన్ని పదేపదే అంటూ గొణుగుడు నుంచి గావుకేక దాకా వెళతాడు. కోపం పోలీసుల జాత్యహంకారం మీద.

రెండోది మూడు నిమిషాలైనా ఉండదు. డీజే జో హాన్ స్క్రాచింగ్ (రికార్డును చేత్తో ముందుకూ వెనక్కీ తిప్పే శబ్దం), గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ అరుపు. ర్యాప్ మాత్రం దాదాపు లేదు! ర్యాప్‌నీ హెవీ మెటల్‌నీ కలిపిన ర్యాప్ మెటల్ అని చెప్పుకునే బ్యాండ్‌కి ఇదేం బోణీయో. ఇక్కడి చిరాకు సొంతది, ఊపిరాడనిది. పదహారేళ్లప్పుడు నాకు ఇదే ఎక్కింది. ఇప్పుడైతే మొదటిదే పెడతా, హెడ్‌ఫోన్స్ లేకుండా.