ఈఆర్-20ఎక్స్‌ఎస్ ఇయర్‌ప్లగ్స్: స్టేజీ వెనక రెండేళ్లు వాడాక రాస్తున్నది

స్టేజీ మోత తగ్గించడానికి చెవిలో పెట్టుకునే ప్లగ్స్ ఇవి, రెండు రోజుల బత్తా పోసి కొన్నాను. మా లోడింగ్ కుర్రాళ్లు చూసి "ఈ రబ్బరు ముక్కలకి అంత డబ్బా అన్నా" అన్నారు. రెండేళ్లయింది. టార్చి, టేపు చుట్ట, టెస్టర్‌తో పాటు ఇవి కూడా జేబులో ఉంటేనే ఇప్పుడు నేను స్టేజీ ఎక్కుతున్నాను. ఎటిమోటిక్ అనే కంపెనీ చేసినవి. ఆ కంపెనీ పాటగాళ్ల కోసం, వాయిద్యగాళ్ల కోసం ఇలాంటి ప్లగ్స్ 1980ల నుంచీ చేస్తోంది.

నేనెవరో చెప్పకపోతే ఈ రివ్యూ ఎందుకో అర్థం కాదు. మాది ఒడిశాలోని బరంపురం. తొమ్మిదేళ్లుగా రాక్ బ్యాండ్లతో తిరుగుతున్నాను, పాడను, వాయించను, స్టేజీ పక్కన మానిటర్ మిక్సర్ దగ్గర కూర్చుని సింగర్‌కి తన గొంతు, డ్రమ్మర్‌కి బేస్, ఎవరికి కావాల్సింది వాళ్లకి వినబడేలా చూసుకుంటాను. సీజన్ మొదలైతే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం అన్నీ చుట్టాల్సిందే. కాలేజీ ఫెస్టులు, పూజా కమిటీల ప్రోగ్రాములు, నవంబరులో కోరాపుట్ పరబ్ ఉత్సవం రోజుల్లో అయితే ఒక ఊరు విప్పి ఇంకో ఊరు కట్టడమే. దిగపహండి దాటి, తప్తపాణి ఘాట్ ఎక్కి, మోహన మీదుగా రాయగడ చేరేసరికి తెల్లారిపోతుంది. బ్యాండ్ వాళ్లు కారులో వస్తారు, మేము లారీలో సామాను పెట్టెల సందుల్లో దుప్పటి కప్పుకుని పడుకుని వస్తాం. దిగగానే ఎక్కడో ఒక బండి దగ్గర వేడి బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర) తిని లోడ్-ఇన్, అంటే సామాను దించి స్టేజీ మీద కట్టడం, మొదలెడతాం.

జనం వినేది రెండు గంటలు. మేము వినేది అంతే కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి డ్రమ్ చెక్ మొదలవుతుంది. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక్కటే పది నిమిషాలు, తర్వాత స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) ఒక్కటే, ఠాప్ ఠాప్ ఠాప్ అని ఒకే దెబ్బ, మైకు అంగుళం జరిపి మళ్లీ అదే దెబ్బ, ఆ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని స్టాండ్ బిగించేది మా వాడే. ఆ తర్వాత బేస్, రెండు గిటార్ యాంప్‌లు, వాటి వెనక జనరేటర్ మోత. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది కాబట్టి పోలీసులు వచ్చేలోపు ముగించాలన్న తొందరలో చెక్ అంతా కుదించేస్తారు, అందరూ ఒకేసారి వాయించేస్తారు. ఇలా వరసగా నాలుగైదు ఊళ్లు. ప్రేక్షకుడి చెవికి మర్నాడు విశ్రాంతి దొరుకుతుంది, మాకు దొరకదు.

నాలుగేళ్ల కిందట ఒక ఊళ్లో (పేరు వద్దు) లోకల్ మైక్‌సెట్ వాళ్లు చోటు లేదని మెయిన్ స్పీకర్ల వరసని నా కుర్చీకి మూడడుగుల్లో నిలబెట్టారు. వద్దని చెప్పాను, వినలేదు. రెండో పాటలో సింగర్ మైకు పట్టుకుని ఆ స్పీకర్ ముందుకి వచ్చేశాడు. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకే దూరి వచ్చిన ఈల ఐదారు సెకన్లే ఉంది. కానీ నా కుడి చెవిలో కుయ్ మని మొదలైన శబ్దం మూడు రోజులు ఆగలేదు. ఇంటికొచ్చాక వంటింట్లోంచి అమ్మ పిలుస్తుంటే పలకలేదట, "ఏరా, అన్నిసార్లు పిలిచినా పలకవేం" అని వచ్చి భుజం తట్టింది. అప్పుడు పట్టుకుంది టెన్షన్. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) తీయిస్తే 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర, గీత కిందికి దిగి ఉంది, అక్కడ వినికిడి తగ్గిందన్నమాట. మోతలో పనిచేసేవాళ్లకి ముందు దెబ్బ తగిలేది ఆ చుట్టుపక్కలే అని, లోపల ఉండే సన్నటి వెంట్రుక కణాలు మనుషులకి మళ్లీ మొలవవని ఆయన చెప్పాడు. నా బతుకుతెరువే చెవి కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మెడికల్ షాపులో ఫోమ్ ప్లగ్స్ కొన్నాను. చవక, మోత బాగా తగ్గిస్తాయి, కానీ ఆ తగ్గించే తీరే నాకు పనికిరాలేదు. హై సౌండ్లని (సన్నటివి) ఎక్కువ తినేస్తాయి, లో సౌండ్లు (బొంగురువి) మిగిలిపోతాయి, దిండు కింద రేడియో పెట్టి విన్నట్టు ఉంటుంది. గిటార్ కేబుల్‌లో బుస్సుమనే నాయిస్ వస్తే తెలియదు, సింగర్ చెవి దగ్గరికొచ్చి "ఇంకాస్త పెంచు" అన్నా అర్థం కాదు. దాంతో పాటకోసారి పీకేస్తాం, పీకేశాక పెట్టుకోవడం మర్చిపోతాం.

ఈఆర్-20ఎక్స్‌ఎస్ వేరే అనిపించింది అక్కడే. ఒకదాని మీద ఒకటి మూడు చిన్న గొడుగుల్లా ఉంటుంది, లోపల ఫిల్టర్ ఉంటుంది. హై, మిడ్, లో అన్నీ దాదాపు సమానంగా తగ్గుతాయి, అందుకే పాట పాటలాగే ఉంటుంది, వాల్యూమ్ మాత్రం ఎవరో కిందికి లాగినట్టు. డ్రమ్స్ పక్కన ఉండే సింబల్ (ఇత్తడి పళ్లెం) మోగే మెరుపు పోదు. స్నేర్ శ్రుతి దిగితే తెలుస్తుంది. మొదటిసారి రాయగడ ప్రోగ్రాములో, జనం తెలుగు పాట కావాలని అరుస్తుంటే సెట్‌లిస్టులో లేని పాట ఎత్తుకున్నారు, ఆ గందరగోళంలో కూడా బేస్ గిటార్ తీగ ఒకటి శ్రుతి దిగిందని ప్లగ్స్ పెట్టుకునే పట్టుకున్నాను. అప్పుడే నమ్మకం కుదిరింది.

పేరులో 20 ఉందని 20 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) తగ్గడం ఖాయం అనుకోవద్దు. పెట్టె మీద ఎన్‌ఆర్‌ఆర్ (మోత ఎంత తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) 13 అని ఉంటుంది, అది ల్యాబులో కొందరి చెవుల మీద కొలిచి వేసిన లెక్క. సరిగ్గా కూర్చుంటే అంతకంటే బాగా పనిచేస్తాయి, వదులుగా ఉంటే అదీ రాదు. లెక్క ఎందుకు ముఖ్యమో చెప్తాను. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ 85 డెసిబెల్స్‌ని రోజుకి 8 గంటలు హద్దుగా పెట్టింది, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ టైము సగం అవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. మా మీటర్ డ్రమ్స్ వెనక 104 చూపించిన రోజులున్నాయి. అలాంటిచోట 13 తగ్గినా చాలా తేడా. అయితే మెయిన్ స్పీకర్లకి ఆనుకుని పనిచేసే వాళ్లకి ఇవి చాలవు, అక్కడ ఫోమే పెట్టుకోండి, నేనూ అదే చేస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. మాట్లాడితే మన గొంతు మన తలలోనే మోగుతుంది, చెవి మూసే ఏ ప్లగ్‌తోనైనా అంతే, వాకీటాకీలో మాట్లాడేటప్పుడు మొదట్లో చిరాకుగా ఉంటుంది, వారం పట్టింది నాకు. పెట్టుకోవడం నేర్చుకోవాలి. అవతలి వైపు చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి అప్పుడు లోపలికి తొయ్యాలి. ఊరికే తోస్తే సగంలో ఆగుతుంది, చాలామంది అక్కడే "పనిచెయ్యట్లేదు" అని పారేస్తారు. చెమటకి చెవి గులిమి చేరుతుంది, గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి రబ్బరు భాగాన్ని కడుగుతాను, ఫిల్టర్‌కి నీళ్లు తగలనివ్వను. మెడలో వేసుకునే తాడు తప్పకుండా కట్టుకోండి. చీకట్లో కేబుళ్ల మధ్య పడితే దొరకవు.

2016లో ఏసీ/డీసీ సింగర్ బ్రయాన్ జాన్సన్ వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు హెచ్చరిస్తే టూర్ మధ్యలో ఆగిపోయాడు, ప్రపంచమంతా వార్త అయింది. ఆ స్టేజీల వెనక పెట్టెలు మోసినవాళ్ల చెవుల సంగతి ఎవరూ రాయలేదు. నాకు ఈ మాట చాలా బాధగా ఉంటుంది. మా దగ్గర బ్యాండ్ వాళ్లకి ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే చిన్న స్పీకర్) ఉంటుంది, కావాల్సినంత సౌండే పెట్టుకుంటారు. డ్రమ్స్ వెనక స్టాండ్ పట్టుకుని నిలబడే కుర్రాడికి ఏమీ ఉండదు, వాడి కూలీ కూడా నా బత్తాలో సగమే, వాడు సొంతంగా ఇవి ఎలా కొంటాడు? ప్రోగ్రాము బడ్జెట్‌లో టేపు, బ్యాటరీల ఖర్చు రాస్తారు కదా, అందులోనే ఇదీ రాయమని మా మేనేజర్‌ని రెండు నెలలు వెంటపడి అడిగాను. ఒప్పుకున్నాడు, ఆరు జతలు తెప్పించాం.

గుణుపురంలో లోడింగ్‌కి వచ్చిన ఒక సవర తెగ కుర్రాడికి నేనే ఈ ప్లగ్స్ పెట్టాను, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పాట మొదలైంది, కాసేపటికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి "భాయినా (అన్నా), పాటలో మాటలు వినబడుతున్నాయి" అన్నాడు. ఎడమ చెవిలో మాత్రం వదులుగా ఉందట. పెద్ద సైజు కావాలి వాడికి, వచ్చే ట్రిప్పులోపు తెప్పించాలి.