రబ్బరు ప్యాడ్ల నుంచి మెష్ హెడ్లకు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కు ఉన్న రబ్బరు ప్యాడ్లను తీసేసి మెష్ హెడ్లున్న (వాయించే పైపొర సన్నటి వలగుడ్డతో చేసిన) ప్యాడ్లను బిగించుకుని నాలుగేళ్లు దాటింది. రోజుకు దాదాపు గంట, సెలవు దొరికితే రెండు మూడు గంటలు వాయిస్తాను. ఈ కాలంలో స్నేర్ (పదునుగా పలికే ప్రధాన డ్రమ్ము) హెడ్‌ను రెండుసార్లు, కిక్ (కాలి పెడల్‌తో వాయించే డ్రమ్ము) హెడ్‌ను ఒకసారి మార్చాల్సి వచ్చింది. మిగతా డ్రమ్ములైన టామ్‌లకు మాత్రం మొదటి రోజు బిగించిన మెష్ ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు నన్ను మళ్లీ రబ్బరు మీద వాయించమంటే స్టిక్కులు పక్కన పెట్టేస్తాను గానీ, మొదటి నెల రోజులు మాత్రం ఉన్నదాన్ని చేజేతులా చెడగొట్టుకున్నానని బాధపడిన మాట నిజం. ఆ నెల చివర నన్ను గట్టెక్కించడానికి కొత్తగా కొన్నదేమీ లేదు. హెడ్ కింద ఉండే ఫోమ్ కోన్ ఎత్తునూ, దెబ్బను శబ్దంగా మార్చే పెట్టె అయిన మాడ్యూల్‌లోని నాలుగైదు అంకెలనూ సరిచేసుకున్నాను, అంతే. మెష్ కొనాలనుకునేవారు ఏ కంపెనీది మంచిదని అడిగే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

రబ్బరును వదిలించుకోవడానికి నాకున్న మొదటి కారణం మణికట్టు. నా పాత ప్యాడ్ లోపల ఒక లోహపు పలక, దాని అడుగున అతికించిన పీజో బిళ్ల (అదురును విద్యుత్ సంకేతంగా మార్చేది), పైన రబ్బరు పొర ఉండేవి. స్టిక్కు తగిలినప్పుడు ఆ పలక వంగదు కాబట్టి దెబ్బలో కొంత తిరిగి చేతికే వస్తుంది. అరగంట సేపు సింగిల్ స్ట్రోకులు సాధన చేస్తే కుడి మణికట్టు బయటివైపు సన్నగా లాగేది. ఎలక్ట్రానిక్ డ్రమ్ములకు ఈ జబ్బు పుట్టుకతో వచ్చిందే. 1981లో వచ్చిన సిమన్స్ ఎస్‌డీఎస్-5 షట్కోణపు ప్యాడ్లు గట్టి పాలీకార్బనేట్‌తో చేసినవి. వాటిని వాయించి మణికట్లు నొప్పి పుట్టాయని ఆ కాలపు డ్రమ్మర్లు చాలామందే చెప్పుకున్నారు. 1997లో రోలాండ్, డ్రమ్ హెడ్లు చేసే రెమో సంస్థతో కలిసి తయారుచేసిన మెష్ హెడ్‌ను టీడీ-10 వి-డ్రమ్స్‌తో తెచ్చాక గానీ దానికి తగిన మందు దొరకలేదు. నా రెండో కారణం చప్పుడు. హెడ్‌ఫోన్లలో నాకు వినిపించేవి డ్రమ్ములే అయినా, పక్క గదిలో ఉన్నవారికి వినిపించేది బల్ల మీద గరిటెతో ఎడతెగకుండా కొట్టినట్టుండే టకటక.

రబ్బరు ప్యాడ్ మీద మెష్ తొడగడం కుదరదు. మెష్ హెడ్‌కు అసలు డ్రమ్ముకు ఉన్నట్టే ఒక షెల్, హెడ్‌ను లాగిపట్టే హూప్, చుట్టూ టెన్షన్ రాడ్లు కావాలి. రబ్బరు ప్యాడ్‌లో ఇవేవీ ఉండవు. అందువల్ల నేను ప్యాడ్లనే మార్చాను: స్నేర్‌కు 10 అంగుళాలది, మూడు టామ్‌లకు 8 అంగుళాలవి, కిక్‌కు నిలువుగా నిలబడే 8 అంగుళాలది. ర్యాక్, మాడ్యూల్, సింబల్ ప్యాడ్లు, హై-హ్యాట్ పెడల్ అన్నీ పాతవే. కేబుళ్లు కూడా సరిపోయాయి. మెలిక ఉన్నది రిమ్ (ప్యాడ్ అంచు) దగ్గరే. కొన్ని ప్యాడ్లలో రిమ్ దెబ్బను రెండో పీజో పట్టుకుంటుంది, మరికొన్నింటిలో ఒక స్విచ్ పట్టుకుంటుంది. మాడ్యూల్ ఒక రకాన్ని ఆశించి మనం మరో రకాన్ని తగిలిస్తే రిమ్ అసలు పలకకపోవచ్చు. నా మాడ్యూల్‌లోని స్నేర్ ఇన్‌పుట్ రెండు పీజోలున్న ప్యాడ్‌ను గుర్తిస్తుంది కాబట్టి అంచును కలిపి వాయించే రిమ్ షాట్, క్రాస్ స్టిక్ దెబ్బలు రెండూ దక్కాయి. టామ్ ఇన్‌పుట్లకు ఒక్కటే జోన్ (దెబ్బను విడిగా గుర్తించే భాగం) కావడంతో, కొత్త టామ్‌ల రిమ్‌లు నాలుగేళ్లుగా అలంకారంగానే ఉన్నాయి. కొనే ముందు మాడ్యూల్ మాన్యువల్‌లోని ప్యాడ్ రకాల పట్టిక చూసి ఉంటే, రెండు జోన్ల టామ్‌ల కోసం అదనంగా ఖర్చుపెట్టేవాణ్ని కాదు.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ప్యాడ్లు బిగించిన సాయంత్రమే అసలు పని మొదలైంది. చేతికి హాయిగా ఉంది, కానీ చెవికి లేదు. ఒకే బలంతో కొడుతున్నాననుకున్న దెబ్బల్లో ఒకటి అరిచినట్టు, దాని పక్కదే గొణిగినట్టు వినిపించేది. నా చేతిదే తప్పేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి మాడ్యూల్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఒక్కో దెబ్బకు ఎంత మిడి వెలాసిటీ (దెబ్బ బలాన్ని చెప్పే అంకె) వస్తోందో చూశాను. ఈ అంకె 1 నుంచి 127 వరకు ఉంటుంది. స్టిక్కు కొనను జానెడు ఎత్తు నుంచి వదులుతూ స్నేర్ నడిమధ్య 20 దెబ్బలు, అక్కడి నుంచి మూడు వేళ్ల దూరంలో 20, హూప్ పక్కన 20 కొట్టాను. మధ్యలో కొట్టినవన్నీ దాదాపు 127 దగ్గరే కూర్చున్నాయి, మూడు వేళ్ల దూరంలో 75 చుట్టూ తిరిగాయి, హూప్ పక్కన 50 కూడా దాటలేదు. తీసి పక్కన పెట్టిన పాత రబ్బరు ప్యాడ్ మీద అదే పరీక్ష చేస్తే ఎక్కడ కొట్టినా 70 నుంచి 85 లోపే వచ్చింది. సమంగా స్పందించడమనే ఒక్క విషయంలో రబ్బరే గెలిచిందని ఒప్పుకోక తప్పలేదు.

దీనికి కారణం ప్యాడ్ నిర్మాణంలోనే ఉంది. నా ప్యాడ్లలో పీజో బిళ్ల షెల్ మధ్యలో ఒక పట్టీ మీద ఉంటుంది, దాని మీద ఫోమ్ కోన్ నిలబడి మెష్‌ను కింద నుంచి తాకుతుంది. దూరంగా పడిన దెబ్బ మెష్ వెంట ప్రయాణించి కోన్‌ను చేరుతుంది. సరిగ్గా నడిమధ్య పడినది మాత్రం కోన్‌ను నేరుగా నొక్కుతుంది. కోన్ మరీ ఎత్తుగా ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. హెడ్ విప్పి షెల్ అంచుల మీద అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే, స్నేర్ కోన్ అంచు కంటే 4 మిల్లీమీటర్లు పైకి పొడుచుకుని ఉంది. పట్టీ స్క్రూలు వదులు చేసి దాన్ని 2 మిల్లీమీటర్లకు దించాను. ఆ ఒక్క పనితోనే సగం జబ్బు నయమైంది.

బిగువు విషయంలో మాత్రం తప్పుదారి పట్టాను. మెష్ మీద స్టిక్కు మరీ ఎగురుతోందని మొదటి వారంలోనే రాడ్లన్నీ వదులు చేశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎగరడం తగ్గింది గానీ మధ్యలో కొట్టిన ప్రతిసారీ గుడ్డ కింద ముడి తగిలినట్టు కోన్ చేతికి తెలియసాగింది, వెలాసిటీ తేడా మొదటికంటే పెరిగింది. తర్వాత డ్రమ్ కీతో ఎదురెదురు రాడ్లను ఒకదాని తర్వాత ఒకటి అరచుట్టు చొప్పున బిగిస్తూ వచ్చి, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగే దగ్గర ఆపాను. స్నేర్‌కు ఇదే బిగువు ఇప్పటికీ వాడుతున్నాను. టామ్‌లకు దీనికంటే కాస్త తక్కువ.

మాడ్యూల్ సర్దుబాట్లలో నాకు ఎక్కువ సమయం పట్టింది. మెష్ రబ్బరులా వెంటనే ఊరుకోదు, దెబ్బ తర్వాత కొద్దిసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును మాడ్యూల్ మరో దెబ్బ అనుకుంటే ఒక్క స్ట్రోకుకు రెండుసార్లు శబ్దం వస్తుంది. ముందుగా ప్యాడ్ రకాన్ని రబ్బరు నుంచి మెష్‌కు మార్చాలి. ఇంత చిన్న విషయాన్ని నేను మూడో రోజుకు గానీ గమనించలేదు. స్కాన్ టైమ్ అంటే దెబ్బ ఎంత బలమైనదో తేల్చుకోవడానికి మాడ్యూల్ ఆగి చూసే సమయం; దాన్ని 1 నుంచి 2.5 మిల్లీసెకన్లకు పెంచితే వెలాసిటీలు నిలకడగా వచ్చాయి, ఆ ఒకటిన్నర మిల్లీసెకన్ల ఆలస్యం నా చెవికి అందలేదు. మాస్క్ టైమ్ అంటే ఒక దెబ్బ తర్వాత వచ్చేదాన్ని మాడ్యూల్ పట్టించుకోని సమయం. రెట్టింపు శబ్దం పోవాలని దాన్ని 30 మిల్లీసెకన్లు దాటించాను. అది నిజంగానే పోయింది, దానితోపాటు నా ఫ్లామ్‌లు (వెంటవెంటనే పడే చిన్నా పెద్దా దెబ్బల జంటలు) కూడా పోయాయి. ముందు పడే చిన్న దెబ్బను పట్టుకుని, వెంటనే వచ్చే పెద్ద దెబ్బను మాడ్యూల్ మింగేసేది. చివరికి 12 దగ్గర ఆగి, మిగతా పని, ఊపును మరో దెబ్బగా లెక్కించకుండా ఆపే రీట్రిగర్ క్యాన్సిల్‌కు వదిలేశాను. ఆ తర్వాత సెన్సిటివిటీని తగ్గించి మళ్లీ 60 దెబ్బల పరీక్ష చేస్తే మధ్యలో 105, అంచున 80 వచ్చాయి. అసలు స్నేర్‌లోనూ మధ్యకూ అంచుకూ తేడా ఉంటుంది కాబట్టి ఇంతకంటే సమం చేయాలని ప్రయత్నించలేదు. థ్రెషోల్డ్‌ను (శబ్దం పలకడానికి కావలసిన కనీస బలాన్ని) బాగా కిందికి దించగలగడం మెష్ నాకిచ్చిన పెద్ద వరం: రబ్బరు మీద సగం మాయమయ్యే ఘోస్ట్ నోట్లు (చాలా మెల్లగా వాయించే దెబ్బలు) ఇక్కడ స్టిక్కు బరువుకే పలుకుతాయి.

రెండో టామ్ మాత్రం ఎన్ని అంకెలు మార్చినా దారికి రాలేదు. ఎడమవైపు గట్టిగా, కుడివైపు నీరసంగా పలికేది. అమ్మినవారికి రాస్తే, కొద్దిపాటి తేడా సహజమని, కొన్నాళ్లు వాడితే సర్దుకుంటుందని జవాబిచ్చారు. కోన్ ఎలా సర్దుకుంటుందో నాకు అర్థం కాలేదు. హెడ్ విప్పితే పీజో బిళ్ల నడిమధ్య నుంచి చిటికెన వేలి వెడల్పంత పక్కకు అతికించి ఉంది. డబుల్ సైడ్ టేపును నెమ్మదిగా ఒలిచి సరైన చోట అతికించబోతే, వెంట్రుకలా సన్నగా ఉన్న తీగ బిళ్ల దగ్గర ఊడి చేతికొచ్చింది. సోల్డరింగ్ తెలుసు కాబట్టి బయటపడ్డాను. తెలియనివారు ఇలాంటి ప్యాడ్‌ను విప్పకుండా వెనక్కి పంపి మార్చమనడమే మంచిది.

ప్యాడ్లతో వచ్చినవన్నీ ఒంటి పొర మెష్‌లు. తొమ్మిది నెలలకు స్నేర్ హెడ్ మధ్యలో దారాలు పలచబడి, వెలుతురుకు పట్టి చూస్తే తేడా కనిపించింది, ఎంత బిగించినా నిలవడం మానేసింది. దాని స్థానంలో మూడు పొరల మెష్ వేశాను. ఒంటి పొర మీద స్టిక్కు తనంతట తానే ఎగిరి వస్తుంది, మూడు పొరల మీద మనం కొంత లేపాలి. ప్లాస్టిక్ హెడ్ అలవాటున్న చేతికి రెండోదే దగ్గరగా ఉంటుంది. సెన్సిటివిటీని మళ్లీ కొంచెం పెంచాల్సి వచ్చింది. ఒంటి పొరతో వచ్చే ప్రమాదం నాకు ఒక స్నేహితుడి అకౌస్టిక్ కిట్ (అసలు డ్రమ్ములు) దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది: ఇంట్లో గలగలా పారిన డబుల్ స్ట్రోక్ రోల్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు), అక్కడ ఫ్లోర్ టామ్ మీద నాలుగు దెబ్బలకే చతికిలబడింది. రెండో దెబ్బను అంతకాలం మెష్ కొడుతూ వచ్చింది, నేను కాదు. అసలు డ్రమ్ములు కూడా వాయించేవారు స్నేర్‌కైనా రెండు లేదా మూడు పొరలది ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను. టామ్‌లకు ఒంటి పొరే చాలు.

చప్పుడు విషయంలో సగమే గెలిచాను. చేతి దెబ్బలు ఇప్పుడు దిండు మీద తట్టినట్టు వినిపిస్తాయి. కాలు మాత్రం వేరే కథ. కిక్‌కు మెష్ వేసినా పెడల్ అదురు నేల గుండా కింది ఇంటికి దిగుతుంది. గాలిలో తగ్గిన శబ్దానికీ నేలలో ప్రయాణించే అదురుకూ సంబంధం లేదని కింది ఇంటివారు వచ్చి చెప్పేదాకా నేను ఆలోచించలేదు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి ఒక వేదిక చేసి, కిట్ మొత్తాన్ని దాని మీదకు ఎక్కించాక వారి ఫిర్యాదు ఆగింది. కూర్చున్నప్పుడు వేదిక కొద్దిగా ఊగుతుంది, వారం రోజుల్లో అలవాటైంది. కిక్ మెష్‌ను పెడల్‌కు ఉండే ఫెల్ట్ బీటర్ (కొట్టే సుత్తి) అరగదీసింది: ఎనిమిది నెలలకే దెబ్బ పడే చోట నూగు లేచింది. కొత్త హెడ్ మీద దెబ్బ పడే చోట ప్యాచ్ అతికించి, బీటర్‌ను నున్నటి ప్లాస్టిక్ వైపుకు తిప్పాను. మూడేళ్లుగా ఇబ్బంది లేదు. స్టిక్కుల సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొన చిట్లిన చెక్క స్టిక్కు మెష్‌కు రంపంతో సమానం. నేను నైలాన్ కొనవే వాడుతున్నాను.

డ్రమ్ములు నెమ్మదించాక సింబల్ ప్యాడ్ల చప్పుడు బయటపడింది. రబ్బరు రైడ్ మీద స్టిక్కు చేసే టిక్కుటిక్కే ఇప్పుడు నా గదిలో అన్నిటికంటే పెద్ద శబ్దం, దానికి మెష్ దగ్గర ఏ మందూ లేదు. మణికట్టు నొప్పి మాత్రం రెండో నెలకే పోయింది, మళ్లీ రాలేదు.

కొన్నాళ్లుగా స్నేర్ మీద ఘోస్ట్ నోట్లలో అక్కడక్కడ ఒకటి పలకడం లేదు. హెడ్ విప్పి చూస్తే కోన్ కొన చదునుగా అణిగిపోయింది. స్కేలు పెడితే షెల్ అంచుతో సమానంగా ఉంది. ఫోమ్ నాలుగేళ్లు ఆగడం తక్కువేమీ కాదు. కొత్త కోన్ వచ్చేదాకా పీజో పట్టీ కింద రెండు వాషర్లు పెట్టి ఎత్తు లేపాను, అన్ని నోట్లూ మళ్లీ పలుకుతున్నాయి.