కుటుంబం నడిపే కొట్టా, కంపెనీ షోరూమా: ఉద్యోగానికి ఏది మేలు?

బీకాం అయిన కుర్రాళ్ళు, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ నాన్నలు, నన్ను తరచూ అడిగేది ఇదే. గుంటూరు పట్నంబజారులోనో బెజవాడ వన్‌టౌన్‌లోనో ఒక కుటుంబం నడిపే హోల్‌సేల్ కొట్లో చేరాలా, బందరు రోడ్డు మీది కంపెనీ షోరూముకి వెళ్ళాలా అని.

చేరే పద్ధతి తెలిసిందే. కొట్లో తెలిసినవాళ్ళ మాట మీద తీసుకుంటారు, కంపెనీలో ఇంటర్వ్యూ, ఆఫర్ లెటరు ఉంటాయి. కొట్లో ఎదుగుదలకి హద్దుంది. ఎన్నేళ్ళు నమ్మకంగా చేసినా గల్లాపెట్టె దగ్గరి కుర్చీ ఓనరు బావమరిదికే. అది సహించలేనివాళ్ళు మొదటే కంపెనీకి వెళ్ళడం మంచిది.

ఉద్యోగం నిలవడం దగ్గరికొస్తే మాత్రం నేను కొట్టు వైపే. అమ్మకాలు పడిపోతే కంపెనీ బ్రాంచినే ఎత్తేయొచ్చు, ఆ నిర్ణయం ఇక్కడి మేనేజరు చేతిలో ఉండదు. కొట్లో ఓనరు బోనసు తగ్గిస్తాడు, విసుక్కుంటాడు, పాత గుమాస్తాను అంత తేలిగ్గా తీయడు. ఏ ఊరి వ్యాపారి ఎంత బాకీ, ఎవరు మాట మీద నిలబడతారు, ఇవన్నీ గుమాస్తాకే తెలుసు.

కొట్లో మనిషి రోడ్డున పడేది పంపకాలప్పుడు. పెద్దాయన తర్వాత అన్నదమ్ములు విడిపోతే సరుకుతోపాటు మనుషులనీ పంచుకుంటారు. అన్నగారి మనిషని ముద్రపడినవాడికి తమ్ముడి దగ్గర చోటుండదు. లేదా కొడుకు అమెరికాలో స్థిరపడి కొట్టు అద్దెకిచ్చేస్తాడు. అందుకే చేరేముందు చిన్న ఓనరు రోజూ కొట్టుకి వస్తున్నాడా, వస్తే పాతవాళ్ళతో ఎలా మాట్లాడుతున్నాడో చూడమంటాను. జీతం తర్వాత మాట్లాడుకోవచ్చు.

కాగితాలూ చూసుకోవాలి. 20 మంది ఉన్నచోట పీఎఫ్, 10 మంది ఉన్నచోట ఈఎస్ఐ వర్తిస్తాయి. రిజిస్టరులో 19 దాటనివ్వని కొట్లూ ఉన్నాయి మరి! 10 మంది ఉన్నచోట 5 ఏళ్ళు నిండాక మానేస్తే, చేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. సంస్థ పేరు మారినప్పుడు పాత సర్వీసు కలుస్తుందని రాయించుకోండి.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగా? ఏజెన్సీ మారినప్పుడల్లా టెన్షన్. ఖాళీగా ఉండేకంటే నయం, అంతే.

మిర్చి యార్డు కమీషన్ కొట్లలో సీజనుకి తీసుకునేవాళ్ళు వేరు, ఏడాదంతా ఉంచుకునేవాళ్ళు వేరు. వేసవి సెలవులకి యార్డు మూసినప్పుడు జీతం ఇస్తారో లేదో ముందే అడగండి.