నత్తగుల్ల: జాతి చూడాలా, ఐసోటోపు చూడాలా?

చెన్నైలో జియాలజీ చదివే మన తెలుగు పిల్లలు ప్రాజెక్టుకని పాత నత్తగుల్లలు తీసుకోగానే, ఆనాటి వాతావరణం తెలుసుకోవాలని, వాటిని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఎప్పుడు పంపాలా అని చూస్తారు. నేనైతే ముందు జల్లెడ పట్టమంటాను.

మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, గుల్లలను జాతులవారీగా లెక్కపెట్టడం పాత పద్ధతి. ఖర్చు తక్కువ, ఓపిక మాత్రం బోలెడు కావాలి. పాత వాతావరణానికి మరో సాక్ష్యమైన పుప్పొడి గాలికి ఎక్కణ్ణుంచో కొట్టుకురావచ్చు. నత్త చెప్పేది చాలావరకు తను బతికిన చోటి సంగతే. రాజమండ్రికి పడమట దూదుకూరు దగ్గర దక్కన్ లావా కింది సున్నపురాయిలో టరిటెల్లా అనే సముద్రపు నత్త గుల్లలున్నాయంటే, ఒకప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేదన్నమాట. మధ్య భారతంలో లావా పొరల నడుమ ఫైసా అనే నత్త దొరికితే అది మంచినీటి మడుగు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి ఈ తేడా పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు, గుల్లను గుర్తుపట్టే కన్ను చాలు. అంతరించిన జాతులైతే వాటి నేటి చుట్టాలను చూసి ఊహించుకోవాల్సిందే, ఆ మేరకు అనుమానం ఉంటుంది.

వానలు ఎలా పడ్డాయని అడిగితే ఐసోటోపులదే పైచేయి. వాన నీటిలోని బరువైన ఆక్సిజన్ 18, తేలికైన ఆక్సిజన్ 16ల పాళ్ళు నేల నత్త ఒంటి నీటి ద్వారా గుల్లకు చేరతాయి. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్ ముందు పోతుంది కాబట్టి పొడిగాలి రోజుల్లో గుల్లలో 18 పాలు పెరుగుతుంది. మన రుతుపవనాల జోరు వానలకు తగ్గుతుంది. చుట్ల వెంబడి కొద్దికొద్దిగా గీకి కొలిస్తే ఒక్క నత్త చూసిన రుతువులు వరుసగా బయటపడతాయి. ఇంత చిన్న ప్రాణి ఇంత వివరంగా రాసిపెట్టడం నాకు ఎప్పుడూ అబ్బురమే!

అయితే ఎండాకాలంలో నత్త మూతికి పొర కట్టుకుని నిద్రపోతుంది, గుల్ల పెరగదు. అంటే ఆ కొలతలో ఎక్కువగా ఉండేది తడి నెలల కథ. పైగా వేడి, తేమ, వాన మూడూ కలిసి ఒకే అంకెగా వస్తాయి, విడదీయడం కష్టం. అరగొనైట్ అనే ఖనిజంతో కట్టిన గుల్ల కాలక్రమంలో కాల్సైట్ అనే మరో ఖనిజంగా మారితే అసలు లెక్కే చెరిగిపోవచ్చు. అందుకే ఖనిజం ఏదో చెప్పే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష ముందు.

నీలగిరి పీట్ (కుళ్ళీ కుళ్ళని మొక్కల మట్టి) లాంటి ఆమ్ల నేలల్లో గుల్ల కరిగిపోతుంది, ఈ రెండు పద్ధతులూ పనికిరావు. 1993లో అక్కడి వాతావరణ చరిత్ర పీట్‌లోని కార్బన్ ఐసోటోపుల నుంచే తీశారు.

ఒక్కదానికే డబ్బుంటే జాతుల లెక్కే మేలు. రెండూ చేయగలిగితే వరుస తప్పొద్దు: పొడి చేసిన గుల్ల మళ్ళీ రాదు గనక, ఫోటో తీసి, జాతి రాసి, ప్రతి పొర నుంచీ కొన్ని పక్కన పెట్టాకే మిగతావి ల్యాబుకు పంపండి.